సంతకం కోసం ఆరేళ్లు: చిన్న కాలేజీలో చదివిన ఒక గ్రాడ్యుయేట్ కేసు

నేను కెరీర్ కౌన్సెలర్‌ని. సాఫీగా నడిచిన కేసుల గురించి రాయాలని నాకు పెద్దగా అనిపించదు. ఈ కేసులో మొదటి మూడు నెలలూ రోగం ఒకటైతే నేను వేసిన మందు ఇంకొకటి. అందుకే రాస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్నిటిని కావాలనే మార్చాను. మారుపేరు కూడా పెట్టకుండా "ఆమె" అనే రాస్తాను.

నేపథ్యం

నా దగ్గరికి వచ్చేనాటికి ఆమెకు ముప్పై దగ్గరపడుతున్నాయి. కెమిస్ట్రీ డిగ్రీ. చదివిన కాలేజీ మొత్తం కలిపినా నాలుగు వందల మంది లేరు. ఆమె క్లాసులో 31 మంది. ఒకటే ల్యాబ్, ఒకడే అటెండర్, కెమిస్ట్రీకి ఇద్దరే లెక్చరర్లు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమే. చదువు అవగానే ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో అనలిస్టుగా చేరారు. ఆరేళ్లుగా అక్కడే ఉన్నారు.

పని గురించి ఆమె మీద ఒక్క ఫిర్యాదూ లేదు. ఎవరికైనా హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్రం) మొండికేస్తే ముందు ఆమెనే పిలుస్తారు. అయినా ఆరేళ్లలో ఎక్కింది ఒక్క మెట్టే. ఆమె తర్వాత చేరిన ఇద్దరు ఇప్పుడు ఆమెకు సీనియర్లు. ఇద్దరూ పేరున్న పెద్ద యూనివర్సిటీల నుంచి వచ్చినవాళ్లే. ఈ చివరి సంగతి ఆమె ప్రతి సిటింగ్‌లోనూ ఏదో ఒక రూపంలో చెప్పేవారు.

ఆమె తెచ్చిన సమస్య

మొదటి రోజు కూర్చోగానే అన్న మాట నా నోట్స్‌లో ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను: "సార్, రెజ్యూమేలో కాలేజీ పేరు చదవగానే పక్కన పడేస్తున్నారు. ఆ పేరు ఎలా దాచాలో చెప్పండి, చాలు."

ఈ ప్రశ్నకు నా దగ్గర ఒక రెడీమేడ్ జవాబు ఉండేది. స్టేసీ డేల్, అలాన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో 1976లో కాలేజీల్లో చేరిన విద్యార్థుల సంపాదన మీద చేసిన అధ్యయనాన్ని 2002లో ప్రచురించారు. గట్టి పోటీ ఉన్న కాలేజీలో సీటు వచ్చినా అంత పేరు లేని కాలేజీలో చేరినవాళ్లు, తర్వాతి రోజుల్లో ఆ పెద్ద కాలేజీవాళ్లతో ఇంచుమించు సమానంగానే సంపాదించారని తేలింది. అంటే కాలేజీ పేరు కంటే ఆ పిల్లవాడి సత్తానే ఎక్కువ పనిచేసిందన్నమాట. చాలామందికి ఈ మాట చెప్పి ధైర్యం ఇచ్చాను.

ఆ రోజు చెప్పబోయి ఆగాను. అదే అధ్యయనంలో ఒక మినహాయింపు ఉంది. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు పెద్ద కాలేజీ నిజంగానే లాభం చేసింది. అదే రచయితలు తర్వాత చేసిన విశ్లేషణలో, తల్లిదండ్రులకు పెద్దగా చదువు లేని పిల్లల విషయంలోనూ అలాగే కనిపించింది. నా ఎదురుగా కూర్చున్నది ఆ మినహాయింపే. ఆమెకు "పేరుదేముందమ్మా" అని చెప్పడం నిజాయితీ కాదు.

కాబట్టి ఆమె మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకునే మొదలుపెట్టాను. అంతవరకు సరైన నిర్ణయమే. ఎంత నిజమో లెక్క చూడకుండానే ముందుకు పోవడం నా తప్పు. ఆ లెక్క సంగతి తర్వాత చెబుతాను.

చేసి చూసినవి, పనిచేయనివి

ముందుగా రెజ్యూమే. కాలేజీ పేరును రెండో పేజీ చివరికి దింపాం. పై భాగంలో ఆమె వాడిన పరికరాలు, చేసిన వ్యాలిడేషన్లు (పరీక్ష పద్ధతి సరిగ్గా పనిచేస్తోందని రుజువు చేసే పనులు), పాల్గొన్న ఆడిట్లు పెట్టాం. ఆ రెజ్యూమేతో ఆమె 20 చోట్ల అప్లై చేశారు. 6 చోట్ల నుంచి ఫోన్లు వచ్చాయి. అంతకుముందు ఏడాదిలో 43 అప్లికేషన్లకు 9 ఫోన్లే వచ్చాయి కాబట్టి ఇద్దరం సంబరపడ్డాం. దారి ఇదేనని నాకు నమ్మకం కుదిరింది. ఆ ఆరింటిలో నాలుగు ఇంటర్వ్యూల దాకా వెళ్లాయి. ఒక్క ఆఫరూ రాలేదు.

నేను అప్పుడైనా ఆగి ఉండాల్సింది. ఆగకుండా ఇంకో లేబుల్ అతికించాను: ఆత్మవిశ్వాసం లోపం. పౌలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే మనస్తత్వవేత్తలు 1978లో రాసిన ఒక వ్యాసంలో, బాగా రాణించిన మహిళల్లో కూడా "నాకు నిజంగా అంత సత్తా లేదు, ఎప్పుడో ఒకరోజు దొరికిపోతాను" అనే భయం ఉంటుందని వివరించారు. ఈ భయానికి ఇంపోస్టర్ (అర్హత లేకుండా చోటు దక్కించుకున్న మోసగాడు) అనే పేరు అక్కడి నుంచే వాడుకలోకి వచ్చింది. చిన్న కాలేజీ, పెద్ద కంపెనీ, ఇంటర్వ్యూలో గొంతు పెగలకపోవడం, అన్నీ చక్కగా అతుకుతున్నాయి కదా అనుకున్నాను. నాలుగు మాక్ ఇంటర్వ్యూలు పెట్టాను. పరిస్థితి ఏమిటి, నీ బాధ్యత ఏమిటి, ఏం చేశావు, ఫలితం ఏమిటి అనే వరుసలో జవాబులు చెప్పడం నేర్పాను. ఆమె శ్రద్ధగా నేర్చుకుని, నాలుగో మాక్‌లో అప్పజెప్పినట్టు చెప్పారు. వింటున్న నాకే విసుగొచ్చింది.

ఆ రోజు వెళ్లేముందు అన్నారు, "సార్, ఏమనుకోకండి. నా పని బాగోలేదని నేనెప్పుడూ అనుకోలేదు. నేను బాగానే చేస్తాను. ఎవరికీ కనబడదు, అంతే."

ఇంపోస్టర్ భయం ఉన్న మనిషి మాట్లాడే తీరు కాదిది. ఆ భయం ఉన్నవాళ్లు విజయాన్ని అదృష్టం ఖాతాలో వేస్తారు. ఈమెకు తన పని మీద అనుమానమే లేదు. ఉన్నది కోపం. రెండింటికీ పైకి కనిపించే లక్షణం ఒకటే, నోరు పెగలకపోవడం. నేను లక్షణానికి మందు వేస్తూ వచ్చాను.

కాలేజీ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అడగడం మూడో ప్రయత్నం. చిన్న కాలేజీలో అందరికీ అందరూ తెలుసు కదా, ఇది బలమే అని నా లెక్క. ఆమె మెసేజ్ పెట్టిన సాయంత్రానికల్లా ఆల్ ది బెస్ట్‌లు, పూలగుత్తులు, దండాలు కుప్పపడ్డాయి. ఉద్యోగం సంగతి ఒక్కరూ చెప్పలేదు. చెప్పడం ఇష్టంలేక కాదు, వాళ్ల దగ్గర కొత్త సమాచారం ఏదీ లేదు. దీనికి కారణం నాకు ముందే తెలిసి ఉండాల్సింది. మళ్లీ ఆ సంగతికి వస్తాను.

ఆలస్యంగా వేసిన లెక్క

మూడో నెల చివర ఒక కాగితం తీసుకుని ఇద్దరం కూర్చున్నాం. పాత 43, కొత్త 20, మొత్తం 63 అప్లికేషన్లు. 15 ఫోన్లు. 10 ఇంటర్వ్యూలు. ఆఫర్లు సున్నా.

ఇంటర్వ్యూకి పిలిచిన పది చోట్లా కాలేజీ పేరు చూసే పిలిచారు. పేరు చూసి పక్కన పెట్టేవాళ్లు ముందే పెట్టేసి ఉంటారు. అంటే కాలేజీ పేరు వల్ల జరిగే నష్టం మొదటి జల్లెడ దగ్గర ఉంది, నిజమే. కానీ పదికి పది పోయింది ఆ జల్లెడ దాటాక. మేం మూడు నెలలుగా చిల్లు కుండలో నీళ్లు పోస్తూ, నీళ్లు ఇంకొంచెం ఎక్కువ పోస్తే నిండుతుందని చూస్తున్నాం. ఐదు నిమిషాల పని ఇది. మొదటి రోజే వేయాల్సిన లెక్క.

ఆ కాగితం చూసి ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే తప్పు నాదేనా?" అన్నారు. కాలేజీది అన్నంతకాలం అది ఆమె చేతిలో లేని విషయం. ఇప్పుడు నింద మొత్తం ఆమె మీద పడినట్టు అనిపించింది. నేను తొందరపడి ఓదార్చలేదు. తప్పు ఎవరిదని కాదు, ఏ దగ్గర ఆగిపోతోందో చూద్దాం అన్నాను.

రిజిస్టర్

తర్వాతి సిటింగ్ తేదీ రాసుకోవడానికి ఆమె బ్యాగులోంచి ఒక పొడవాటి అట్ట పుస్తకం తీశారు. చివరి పేజీలో తేదీ రాస్తుంటే మధ్య పేజీలు కనిపించాయి. స్కేలుతో గీసిన నిలువు గీతలు, ఐదు గళ్లు. చూడొచ్చా అని అడిగితే కాస్త మొహమాటపడి ఇచ్చారు.

తేదీ. పరికరం. మామూలుగా లేనిది ఏమిటి. నేను ఏమనుకున్నాను. చివరికి ఏమని తేలింది.

ఆరేళ్లుగా రాస్తున్నారు. అది నాలుగో పుస్తకం. నాకు ఒక అనుమానం వచ్చింది. మందుల కంపెనీల్లో సొంత పుస్తకాల్లో డేటా రాసుకోవడం పెద్ద తప్పు కదా అని అడిగాను. "రీడింగులు, బ్యాచ్ నంబర్లు ఇందులో ఉండవు సార్. అవి కంపెనీ రికార్డుల్లోనే. ఇందులో నేనేం ఆలోచించానో మాత్రమే రాస్తాను" అన్నారు. "నేను ఏమనుకున్నాను" అనే గడిలో రాసింది చాలాచోట్ల తప్పే అయింది. వాటిని కొట్టేయకుండా పక్క గడిలో అసలు కారణం రాశారు. ఇంత నిజాయితీగా తన తప్పులు రాసుకున్న పుస్తకం నేను అరుదుగా చూశాను.

"ఎవరు చదువుతారు ఇది?"

"ఎవరూ చదవరు సార్. కాలేజీలో అలవాటైంది."

అప్పుడు చెప్పారు. రెండో ఏడాదిలో ల్యాబ్ స్టాక్ రిజిస్టర్ ఆమెకు అప్పగించారు. అటెండర్ ఒక్కడే కాబట్టి ఎవరో ఒక విద్యార్థి ఆ పని చూడాలి. ఏ ద్రావణం ఎప్పుడు చేశారు, ఎంత మిగిలింది, ఏది పగిలింది, అన్నీ రాయాలి. సాయంత్రం ల్యాబ్ మూసేముందు మాస్టారు వచ్చి, ఆ రోజు రాసిన పేజీ నిలబడే చదివి, కింద ఆకుపచ్చ ఇంకుతో పొట్టి సంతకం పెట్టేవారు. ఒక్కోసారి పక్కన ఒక ప్రశ్న. "ఇది నిన్న ఎందుకు గమనించలేదు?" లాంటివి.

ఒకసారి టైట్రేషన్ (బ్యూరెట్ అనే గీతల గొట్టం నుంచి ద్రావణం చుక్కచుక్కగా పోసి కొలిచే పరీక్ష) ప్రాక్టికల్స్‌లో ఆ రోజు చేసిన పన్నెండు మందికీ బ్యూరెట్ రీడింగ్ రావలసినదానికంటే ఎక్కువే వచ్చింది. ఒక్కరికో ఇద్దరికో అయితే చేతి తప్పు. పన్నెండు మందికీ ఒకే వైపు తప్పితే తప్పు చేతుల్లో ఉండదు, సీసాలో ఉంటుంది. ఆమె రిజిస్టర్ తిరగేశారు. బ్యూరెట్‌లో పోస్తున్న సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం చేసి ఐదు వారాలైంది. సీసా దగ్గరికి వెళ్లి చూస్తే రబ్బరు బిరడా పోయి, సైజు సరిపోని గాజు బిరడా వదులుగా పెట్టి ఉంది. ఆ ద్రావణం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని బలం తగ్గిపోతుంది. బలం తగ్గితే ఎక్కువ పోయాల్సి వస్తుంది. మాస్టారు ఆ రోజు సంతకం పక్కన ప్రశ్న రాయలేదు. మర్నాడు క్లాసులో అందరి ముందు ఆమెతో ఆ కథ చెప్పించారు.

ఈ కథ చెబుతున్నప్పుడు ఆమె గొంతు ఎక్కడా తడబడలేదు. మాక్ ఇంటర్వ్యూల్లో అప్పజెప్పిన మనిషి ఈమేనా అనిపించింది.

నేను అప్పుడు ఏమనుకున్నానంటే

ఆ చిన్న కాలేజీ ఆమెకు ఒకేసారి రెండు అలవాట్లు చేసింది. తేడా వస్తే గమనించి, రాసి, కారణం వెతికి పట్టుకోవడం మొదటిది. పెద్ద కాలేజీలో వందల మంది మధ్య రెండో ఏడాది విద్యార్థి చేతికి ల్యాబ్ స్టాక్ రావడం కష్టం. ఇక్కడ మనుషులు లేకనే వచ్చింది. రెండోది ఆమెకే తెలియని అలవాటు: పని చేసి రాసి పెడితే, సాయంత్రానికి ఎవరో ఒకరు వచ్చి చదువుతారు. 31 మంది ఉన్న క్లాసులో అది నిజం. మాస్టారికి ప్రతి ఒక్కరి చేతిరాతా తెలుసు. చెప్పుకోవాల్సిన అవసరమే రాదు. పైగా చెప్పుకుంటే గొప్పలు పోతున్నారంటారు.

రెండు వందల మంది పనిచేసే చోట సాయంత్రం ఆకుపచ్చ పెన్నుతో ఎవరూ రారు. ఆమె ఆరేళ్లుగా రిజిస్టర్ నింపి, ఆ సంతకం కోసం ఎదురుచూశారు. ఒకసారి ఒక బ్యాచ్ పరీక్షలో ఫలితం పరిమితి దాటి బయటికి వచ్చింది. మిగతావాళ్లు హడావిడిగా మళ్లీ మొదలుపెట్టబోతుంటే, వాడిన ఫ్లాస్కుల్లోని ద్రావణాలను ఆమె పారబోయనివ్వలేదు. ఆ ద్రావణాలు ఉండబట్టే తప్పు పదార్థంలో కాదు, పోల్చి చూడటానికి వాడే స్టాండర్డ్ ద్రావణం తయారీలో ఉందని తేలింది. ఆ సంగతి సీనియర్‌కి నోటితో చెప్పి తన పనిలో పడ్డారు. రిపోర్టు ఆ సీనియర్ పేరుతో వెళ్లింది. ఆయన దొంగిలించాడని నేను అనను. ఆమె రాసి ఇవ్వలేదు, ఆయన రాశాడు.

గాలప్ సంస్థ, పర్డ్యూ యూనివర్సిటీ కలిసి 2014లో అమెరికాలో 30,000 మందికి పైగా గ్రాడ్యుయేట్లను అడిగి చేసిన సర్వే ఇక్కడ నాకు గుర్తొచ్చింది. ఉద్యోగంలో మనసు పెట్టి పనిచేయడానికి, చదివిన కాలేజీ ఏ రకందన్న దానితో పెద్దగా సంబంధం కనిపించలేదు. చదువు మీద ఆసక్తి పుట్టించిన ఒక టీచరు, తనను ఒక మనిషిగా పట్టించుకున్న టీచర్లు, వెన్నుతట్టిన ఒక గురువు, ఈ మూడూ దొరికినవారిలో అలా పనిచేసే అవకాశం రెట్టింపుకు పైగా ఉంది. మూడూ దొరికాయని గట్టిగా చెప్పినవాళ్లు 14 శాతమే. సర్వే కాబట్టి ఇది కారణమని రుజువు కాదు. కానీ ఈమెకు ఆ మూడూ దొరికాయి, ఒకే మనిషిలో. ఆ అదృష్టానికి ఇంకో వైపు కూడా ఉంటుందని సర్వే చెప్పదు. అంత బాగా చూసే కన్ను ఒకసారి అలవాటైతే, ఆ కన్ను లేని చోట ఏం చేయాలో తెలియదు.

పనిచేసినవి

మేనేజర్ని నేరుగా ప్రమోషన్ అడుగుతానని ఆమె అన్నారు. కోపంలో ఉన్నారు. నేను వద్దన్నాను. ఆయన చేతిలో ఆమె గురించి చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. అడిగితే "చూద్దాం" అంటాడు. ఆ మాటతో ఇంకో ఏడాది పోతుంది. ముందు ఆధారం చేరాలి, తర్వాత అడగాలి.

ఎలా చేర్చాలి? మీటింగుల్లో మాట్లాడమని చెప్పొచ్చు, పుస్తకాలన్నీ అదే చెబుతాయి. ఆమెకు పరిచయం కుదిరాకే నోరు తెరుచుకుంటుంది. దాన్ని మార్చడానికి ఏళ్లు పడుతుంది. రాయడం మాత్రం ఆరేళ్లుగా రోజూ చేస్తున్న పనే. రాసేది అదే, చదివే మనిషి మాత్రమే మారాలి. కాబట్టి ప్రతి శుక్రవారం మేనేజర్‌కి ఐదు వరుసల మెయిల్ అనుకున్నాం. ఈ వారం ఏ తేడా కనిపించింది, కారణం ఏమని తేలింది, దానివల్ల ఏం మారింది, ఇంకా ఏం తేలాల్సి ఉంది, మీ నుంచి ఏం కావాలి.

మొదటి డ్రాఫ్టులో ఆమె రాసినది (కాలమ్ అంటే హెచ్‌పీఎల్‌సీలో పదార్థాలు విడిపోయే గొట్టం): "ఈ వారం కాలమ్ ప్రెషర్ విషయంలో చిన్న చెకింగ్ చేయడం జరిగింది. సమస్య పరిష్కరించబడింది." చేసింది ఎవరు? చిన్నదని ఎవరన్నారు? మేనేజర్‌కి ఇందులో తెలిసింది ఏమిటి? నాలుగుసార్లు తిరగరాశాక ఇలా వచ్చింది: "మంగళవారం నుంచి రెండో యంత్రంలో ప్రెషర్ రోజూ కొంచెం పెరుగుతోంది. కాలమ్ అనుకుని మార్చాను, తగ్గలేదు. అసలు అడ్డు ఇన్‌లైన్ ఫిల్టర్‌లో ఉంది. మార్చాక మామూలైంది. ఇకపై కాలమ్ మార్చేముందు ఫిల్టర్ చూడమని షిఫ్టువాళ్లకు చెప్పాను." మొదట పడిన తప్పు అంచనా కూడా ఇందులో ఉంది. తీసేద్దామని ఆమె అన్నారు. ఉంచమన్నాను. సొంత తప్పు రాసే మనిషి మాట మీద చదివేవాడికి నమ్మకం ఎక్కువ. పైగా ఆమె రిజిస్టర్ ప్రత్యేకతే అది.

మూడు వారాలు ఒక్క జవాబూ లేదు. ఆమె మానేద్దామన్నారు. ముందే ఎనిమిది వారాలని మాట తీసుకున్నాను కాబట్టి పట్టుబట్టాను. నిజానికి నాకూ టెన్షన్‌గానే ఉంది. ఇదీ పోతే నా దగ్గర ఇంకో ఉపాయం లేదు. ఐదో వారం ఆడిట్ ముందు మేనేజర్ ఆమెను పిలిచి, రెండు నెలల కిందటి ఒక డీవియేషన్ (నిర్ణీత పద్ధతి తప్పిన ఘటన) సంగతి అడిగారు. ఆ తర్వాత నుంచి ఆడిట్ తయారీ మీటింగులకు ఆమెను కూర్చోబెట్టడం మొదలైంది.

ఇంటర్వ్యూల విషయంలో మాక్‌లు ఆపేశాం. ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే మనస్తత్వవేత్తలు 1998లో 85 ఏళ్ల పరిశోధనలను కలిపి చూశారు. మనిషి పనితీరును ముందే అంచనా వేయడంలో చదివిన ఏళ్ల సంఖ్య ఉపయోగం 0.10 మాత్రమే (అంచనా పూర్తిగా సరిపోతే 1). చేసి చూపించే పనికి 0.54, అందరికీ ఒకే ప్రశ్నలు వేసే పద్ధతి ప్రకారం జరిగే ఇంటర్వ్యూకి 0.51. పాల్ సాకెట్ అనే పరిశోధకుడి బృందం 2022లో మళ్లీ లెక్కకట్టి ఈ రకం అంకెలను చాలావరకు తగ్గించింది. అప్పుడు కూడా ఆ రకం ఇంటర్వ్యూ అన్నిటికంటే పైన నిలిచింది. ఈ అంకెలు ఆమెకు చెప్పలేదు. నేను తీసుకున్న నిర్ణయం వరకు ఒకటే: చదువు గురించి సమర్థించుకోవడం మానేసి, పని చూపించాలి.

కంపెనీ వివరాలు బయట చెప్పకూడదు. అందుకని కాలేజీ సీసా కథనే ఒకటిన్నర పేజీల ఇన్వెస్టిగేషన్ రిపోర్టుగా రాయించాను. గమనించినది, అనుమానాలు, ఏది ఎందుకు కొట్టేశాం, అసలు కారణం, మళ్లీ రాకుండా ఏం చేయాలి. ఆమెకు మొదట్లో ఇష్టం లేదు. దాచమని వచ్చిన కాలేజీనే ఇప్పుడు ముందు పెట్టమంటున్నాను కదా. "డిగ్రీ పిల్లల టైట్రేషన్ కథ చెబితే నవ్వరా సార్?" అన్నారు. నవ్వొచ్చు, నాకూ గ్యారంటీ లేదు అన్నాను.

ఇక ఉద్యోగం కబురు ఎవరి ద్వారా వచ్చిందన్నది. మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో రాసిన వ్యాసంలో, తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవారిని ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. తరచుగా అన్నవాళ్లు 16.7 శాతం, అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6, ఎప్పుడో ఒకసారి అన్నవాళ్లు 27.8. దగ్గరివాళ్లకు తెలిసేది మనకూ తెలిసిందే. కాస్త దూరంగా ఉన్నవాళ్లే వేరే లోకం కబురు తెస్తారు. లింక్డ్‌ఇన్ మీద 2 కోట్ల మందితో జరిగి, 2022లో వెలువడిన ప్రయోగాల ఫలితాలు కూడా, మరీ దూరం కాని ఒక మోస్తరు పరిచయాలే ఎక్కువ పనికొస్తాయని చెప్పాయి. ఆ వాట్సాప్ గ్రూపు ఎందుకు పనికిరాలేదో ఇందులోనే ఉంది. చిన్న కాలేజీలో బంధాలు గట్టివి, కానీ అందరూ ఒకే బావి నీళ్లు తాగేవాళ్లు.

కాబట్టి ఇష్టమైనవాళ్ల జాబితా పక్కన పెట్టి, "మీ ల్యాబ్‌కి బయటి నుంచి ఎవరెవరు వస్తారు?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, పరికరాలకు క్యాలిబ్రేషన్ చేయడానికి ఏడాదికి రెండుసార్లు వచ్చే సర్వీస్ ఇంజినీర్ గురించి చెప్పారు. అతను ఎన్నో ల్యాబ్‌లు తిరుగుతాడు. ఏ ల్యాబ్‌లో ఎవరు వెళ్లిపోయారో, ఎక్కడ పని ఆగిపోతోందో అతనికి తెలిసినంతగా ఏ జాబ్ పోర్టల్‌కీ తెలియదు. తర్వాతిసారి వచ్చినప్పుడు ఆమె అడిగింది ఒకటే మాట: "ఇన్వెస్టిగేషన్ పని ఎక్కువగా ఉండే ల్యాబ్ ఏదైనా మీ దృష్టిలో ఉందా అండీ?" అతను అక్కడికక్కడే రెండు పేర్లు చెప్పాడు.

రెండోదానిలో ఇంటర్వ్యూ అయింది. ప్యానెల్‌లో ఒకాయన ఆ సీసా రిపోర్టు చదివి, పావుగంట దాని మీదే ప్రశ్నలు వేశాడట. గాజు బిరడా ఎవరు పెట్టారో కనుక్కున్నారా అని కూడా అడిగాడు. "కనుక్కోలేదు. రబ్బరు బిరడాలు అయిపోయాయని రిజిస్టర్‌లో రాయని తప్పు నాదే" అని ఆమె చెప్పారు. నా దగ్గరికి మొదటిసారి వచ్చిన 14 నెలలకు ఇన్వెస్టిగేషన్స్ టీమ్‌లో, రెండు మెట్లు పైహోదాలో చేరారు. పాత మేనేజర్, ఆమె స్థానంలో వచ్చిన మనిషిని శుక్రవారం మెయిల్ కొనసాగించమన్నాడని తర్వాత తెలిసింది.

నా వరకు మారినవి

మొదటి సిటింగ్‌లో ఇప్పుడు అప్లికేషన్లు, ఫోన్లు, ఇంటర్వ్యూలు, ఆఫర్లు నాలుగు అంకెలుగా రాయిస్తాను. దానికి ముందు ఏ సలహా ఇవ్వను. కాలేజీ గురించి ర్యాంకు అడగడం మానేశాను. "అక్కడ మీ చేతికి ఏం అప్పగించారు? దాన్ని ఎవరు చూసేవారు?" అని అడుగుతున్నాను. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు రెజ్యూమేలోకి వెళ్తుంది. రెండోదానికి వచ్చే జవాబు మనిషి ఎక్కడ ఆగిపోయాడో చెబుతుంది.

ఈ కేసును అందరికీ వర్తింపజేయకండి. కొన్ని సంస్థలు నిజంగానే కాలేజీల జాబితా పెట్టుకుని, అందులో లేనివాళ్ల రెజ్యూమేలు తెరవవు. అక్కడ శుక్రవారం మెయిల్ ఏమీ చేయలేదు. ఆమె అంకెల్లో కూడా 63కి 48 మొదటి జల్లెడ దగ్గరే పోయాయి. అందులో కాలేజీ పేరు వాటా ఎంతో నేను చెప్పలేను. చిన్న కాలేజీలన్నీ ఆ మాస్టారి లాంటివాళ్లతో నిండి ఉంటాయని కూడా ఎవరూ అనుకోనక్కర్లేదు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో, చిన్న కాలేజీలో చదివినా ఒక్క లెక్చరర్‌కీ తమ పేరు తెలియదన్నవాళ్లు ఉన్నారు.

ఆరు నెలల తర్వాత ఆమె ఫోన్ చేశారు. పని బాగుంది. ముప్పై మంది ఉన్న మీటింగులో మాత్రం ఇంకా నోరు విప్పడం లేదు, దాని సంగతి మేం తేల్చలేదు. కొత్త బాస్‌కి కూడా శుక్రవారం మెయిల్ పంపుతున్నారట. ఆయనా జవాబు ఇవ్వడు. "అలవాటైపోయింది సార్, ఫర్వాలేదు" అని, కాస్త ఆగి, "అయినా ఒక్కోసారి ఎవరైనా కింద పొట్టి సంతకం పెడితే బాగుండును అనిపిస్తుంది" అన్నారు.